ఒక్క మెతుకు

డండీలో డిసెంబరు పొద్దు మూడున్నరకే వాలిపోతుంది.
టే నది మీది పొగమంచు వంతెనను సగం మింగి
మిగతా సగం రేపటికి దాచుకున్నట్టుంటుంది.
హైచైర్‌లో హెప్సిబా,
ఆరు నెలల పదకొండు రోజులది,
నోరు బిగించుకుని కూర్చుంది.

హోటల్లో పూటకి రెండు వందల ప్లేట్లు పంపుతాను.
నా కత్తి కింద ఉల్లిపాయ నిమిషంలో రవ్వ.
ఇక్కడ ఒక్క క్యారెట్ ముందు
పావుగంట నుంచి నిలబడి ఉన్నాను.
మెత్తగా ఉడకబెట్టి వేలంత ముక్కలు కోయమంది
పిల్లని చూసిపోవడానికొచ్చే నర్సు మోరాగ్.
ఎవరి వేలంత అని అడగలేదు నేను.
నా వేలే పక్కన పెట్టి కొలిచాను,
నూనె చిట్లిన మచ్చలతో, పాత గాట్లతో ఉన్న వేలు.

ఫింగర్ ఫుడ్, అందామె కాగితం చేతికిస్తూ,
అదేదో కొత్తగా కనిపెట్టినట్టు.
నవ్వాపుకున్నాను.
పులుసులో చేప ముల్లు కనిపెట్టేది వేళ్లే కదమ్మా మాకు,
ఆవకాయ ముద్దకెంతో లెక్క తెలిసినవీ అవే.
ఇంకో మాట మాత్రం ఫ్రిజ్ మీద రాసి అంటించాను:
చప్పుడు చేస్తుంటే చెయ్యనివ్వండి.
చప్పుడు ఆగిపోతేనే లేవండి.

మొదటి ముక్క.
చప్పరించింది. చప్పరించింది. అంతలోనే
కళ్లు ఎర్రబడి, నాలుక బయటికొచ్చి
ఖళ్ ఖళ్.
నా చేతులు సగం దూరం వెళ్లి గాల్లో ఆగాయి.
చప్పుడుంది. చప్పుడుంది. చప్పుడుంది.
అంతకన్నా పొడుగు ప్రార్థన
ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు.
ముక్క జారి బిబ్ మీద పడింది.
అదెవరో ఎరగనట్టు చూసి
పిల్ల మళ్లీ అందుకుంది.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని
నెత్తి మీద తట్టేది మా పెద్దమ్మ.
నిన్నెవరు తలుచుకుంటారే?
నీకు తెలిసిన లోకం ఎంతని?
నేను ఎదురుగానే ఉన్నాను.
మోరాగ్‌కి నీలాంటివాళ్లు ఇంకా పదిహేడుమంది.
కింద ఫ్లాటు డేవీ తాతకి నీ పేరే నోరు తిరగదు.
ఇక మిగిలింది మీ అమ్మ.
నైన్‌వెల్స్ ఆసుపత్రిలో ఎవరి మంచం పక్కనో
డ్రిప్పు చుక్కలు లెక్కపెడుతూ
సలోమి ఒక చుక్క తప్పి ఉంటుంది.

ఆ తర్వాతి వారాల్ని వరసగా చెప్పలేను.
అరటిపండు గోడకి. బ్రోకలీ జుట్టులోకి.
పప్పు చెవిలోకెలా వెళ్లిందో నాకిప్పటికీ తెలీదు.
ఉప్పు వేయొద్దన్నారు.
ఉప్పులేని పప్పు నాలిక మీద పెట్టుకుని
వంటవాణ్ణి, తల దించుకున్నాను.
ఇదేమో గిన్నె తిరగేసి అడుగు నాకింది.
ఒకరోజు బాగా నానిన టోస్టు ముక్క
నోట్లోంచి తీసి, ఆలోచించి, నా నోట్లో పెట్టింది.
ఎంగిలి. తడి. వెచ్చన.
హోటల్లో అయితే వెనక్కి పంపేవాణ్ణి.
తిన్నాను.

తొమ్మిదో నెల దాటింది, వెలుతురు కాస్త తిరిగొచ్చింది.
ట్రే మీద ఒకే ఒక్క మెతుకు మిగిలింది.
ఎప్పుడూ అరచేత్తో అంతా ఊడ్చేసే పిల్ల
ఆరోజు చెయ్యాపింది.
బొటనవేలూ చూపుడువేలూ
ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వచ్చి
మెతుకు దగ్గర కలుసుకున్నాయి.
జారింది.
మళ్లీ.
పట్టింది.
పట్టి, నొక్కింది.

గంగాళం అన్నం ఉడికిందో లేదో
నేను తేల్చుకునేదీ అలాగే.
నాకది మాటల్లో ఎవరూ నేర్పలేదు.
అప్పుడే తలుపు తీసిన సలోమి
డ్యూటీ బట్టల్లో, ఒక కాలికి చెప్పుతో, నిలబడిపోయింది.
వంటింట్లోకి ఇన్‌స్పెక్టర్ వచ్చినట్టు
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.

హెప్సిబా మెతుకు వైపు చూసింది,
నా వైపు చూసింది,
కింద పడేసింది.

ఇంకొంచెం ఉడకాలట.